విక్రాంత్ మీద పనిచేసిన మనోళ్ళు

మన పత్రికలో గిర్నీల ముచ్చట్లు చాలాసార్లు వచ్చినయి. భోంగా, మూడు పాళీలు, 1982 సమ్మె, గావ్ నుంచి రైలు దిగిన తొలి రోజులు, ఇవన్నీ మనకు తెలిసినవే. ఈసారి నేను వేరే కామ్‌గార్ల గురించి రాస్తున్న. వాళ్ళు మన చాళ్ళలోనే ఉన్నరు. మన గణపతికి చందా ఇస్తరు, మన నల్లా దగ్గరే నీళ్ళకు వరస కడతరు. కాని వాళ్ళు పనిచేసిన ఖాతా నేల మీద లేదు. యుద్ధ విమానాలను మోసే ఓడ మీద ఉండె. ఆ ఓడ పేరు ఐఎన్ఎస్ విక్రాంత్.

ముగ్గురితో మాట్లాడిన. మొదటాయన శ్రీకాకుళం జిల్లా మనిషి, ఎనభైకి దగ్గర పడ్డడు. చాల్ మొత్తం ఆయనను నేవీ మామ అంటది. విక్రాంత్ బాయిలర్ రూములో పనిచేసి బయటికొచ్చినాక, ఆవిరి పని తెలిసిన మనిషని ఒక గిర్నీలో బాయిలర్ ఖాతాకు తీసుకున్నరు. అట్ల మా దగ్గరికి వచ్చిండు. రెండో ఆయన మా వర్లీలోనే పుట్టిండు. ఆయన బాపు కరీంనగర్ దిక్కునుంచి వచ్చి సాంచా నడిపిన మనిషి. నాకన్నా ఏడెనిమిదేండ్లు పెద్ద, అన్నా అని పిలుస్త. ఆయన డెక్ మీద విమానాలను తోసే, కట్టే, విప్పే జట్టులో ఉండె. మూడో మనిషి విజయనగరం వైపు తమ్ముడు, సీ హారియర్ మెకానిక్. కొన్నేండ్లు మా వాడలోనే కిరాయికి ఉండి, ఇప్పుడు విశాఖపట్నంలో ఇల్లు కట్టుకున్నడు. ఆయనతో ఫోన్లో మాట్లాడిన. పేర్లు వేయొద్దని ముగ్గురూ అన్నరు. "మేం ముగ్గురమే చేసినమా, వెయ్యి మంది చేసినం" అన్నడు అన్న.

ముందు ఓడ సంగతి, పిల్లల కోసం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండంగ 1943లో ఇంగ్లండులో దీన్ని కట్టుడు మొదలుపెట్టిన్రు. అప్పటి పేరు హెర్క్యులిస్. 1945 సెప్టెంబర్‌లో నీళ్ళలోకి దించేనాటికి యుద్ధం అయిపోయింది. మరుసటి ఏడు పని ఆపేసిన్రు. సగం కట్టిన ఓడ పదేండ్ల పైన అట్లనే పడి ఉండె. 1957లో మన దేశం కొన్నది. బెల్‌ఫాస్ట్‌లో మిగతా పని పూర్తి చేయించి, 1961 మార్చి 4న విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా నేవీలో చేర్చిన్రు. అదే ఏడు నవంబర్ 3న బొంబాయి చేరితే నెహ్రూగారే స్వాగతం చెప్పిన్రు. పొడుగు 700 అడుగులు. వెయ్యి మందికి పైగా దాని మీదనే తిని, దాని మీదనే పండి, దాని మీదనే పని చేసేటోళ్ళు. మన చాల్‌కు అడుగున ఇంజన్ పెట్టి సముద్రంలో తోలినట్టు అనుకోండ్రి.

ఆ ఓడ మీద మొదట ఉన్న జెట్టు విమానం సీ హాక్. ఒక్క మనిషే కూర్చునేది. ఇంకోటి అలీజే అని ఫ్రాన్స్ విమానం, ముందర పంఖా తిరిగేది, ముగ్గురు కూర్చునేటోళ్ళు, సముద్రం కింద సబ్‌మెరీన్లను వెతికేది. విమానాలను డెక్ కింద హ్యాంగర్‌లో పెట్టేటోళ్ళు. రెక్కలు మడతపెట్టి, ఒకదాని పక్కన ఒకటి, చెయ్యి పట్టేంత సందు కూడ లేకుండ. లిఫ్టు మీద పైకి తెచ్చి రెక్కలు విప్పాలె.

విమానాలు ఎగిరే ముందు మొదటి పని ఏందో తెలుసా? ఊడ్చుడు. అన్న చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. మనుషులంతా డెక్ అడ్డంగా వరసగ నిలబడి, తల వంచుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవాలె. నట్టు, తీగ ముక్క, చింకి గుడ్డ, కాటన్ వేస్ట్ పోగు, ఏది కనబడ్డా ఏరి జేబులో వేసుకోవాలె. జెట్ ఇంజన్ ముందర నుంచి గాలి గుంజుకుంటది. ఆ గాలితో చిన్న నట్టు పోయినా లోపలి రెక్కలు విరిగి ఇంజన్ పాడవుతది. "ఆ కాటన్ వేస్ట్ ఏడికెళ్ళి వచ్చిందనుకున్నవ్? గిర్నీల నుంచే. మా బాపు నూలు నేసిండు, నేను దాని పోగులు ఏరిన" అన్నడు అన్న.

సీ హాక్ ఖాళీగ ఉన్నప్పుడే నాలుగు టన్నుల పైన. నేల మీద తోస్తే ఒక లెక్క. కింద నేలే ఒరుగుతుంటే ఇంకో లెక్క. ఓడ ఎడమకు వంగితే విమానం ఎడమకు పోతనంటది. అందుకని ప్రతి చక్రం దగ్గర ఒక మనిషి చెక్క దిమ్మె పట్టుకుని నడవాలె. ఆగు అంటే ఆ క్షణమే దిమ్మె పెట్టాలె. తర్వాత గొలుసులతో డెక్‌కు కట్టాలె. రాత్రి తుఫాను వస్తే లేచి మళ్ళ గొలుసులు చూసుకోవాలె. "పసిపిల్లను ఉయ్యాలలో కట్టినట్టు కట్టేటోళ్ళం" అన్నడు.

జెట్టు కన్నా పంఖాకే ఎక్కువ భయం అంట. నేను నమ్మలేదు. అన్న విడమర్చి చెప్పిండు. జెట్టు మోత వినబడ్తది, వేడి తగుల్తది, ఎటు పోవద్దో శరీరానికే తెలుస్తది. పంఖా జోరుగ తిరిగితే కంటికి కనబడనే కనబడదు. చుట్టూ జెట్ల మోత ఉంటే దాని చప్పుడూ తెలియదు. చీకట్లో అలీజే ముందు నుంచి నడవాలంటే, రోజూ చేసిన దారిలోనే, అడుగు లెక్కపెట్టుకుని నడిచేటోళ్ళంట. ఒక్కసారి జెట్టు గాలి అన్నను లేపి డెక్ అంచు దాకా కొట్టింది. అంచు పొడుగూతా వల కట్టి ఉంటది. దానిలో పడ్డడు. మోకాలు దోక్కపోయింది, అంతే. ఆ సాయంత్రం తోటివాళ్ళు "చేప పడ్డదిరో" అని ఏడిపించిన్రట.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. 700 అడుగుల ఓడ మీద, అందులో సగం కూడ పరుగు దొరకదు, జెట్టు ఎట్ల ఎగుర్తది? విసిరేయాలె. విసిరే యంత్రాన్ని కాటపుల్ట్ అంటరు. డెక్ ముందర భాగంలో సన్నటి గాడి ఉంటది. గాడి లోంచి పైకి ఒక ఇనుప కొక్కెం కనబడ్తది. అన్నలాంటోళ్ళు వంగి విమానం కడుపు కిందికి దూరి, ఉక్కు తీగ తాడుతో విమానాన్ని ఆ కొక్కేనికి తగిలియ్యాలె. ఆ కొక్కెం పేరేందని అడిగిన.

"షటిల్" అన్నడు.

నేను ముప్పై ఏండ్లు షటిల్‌తోనే బతికినోణ్ణి. మా ఇంట్లో అమ్మ దాన్ని నాడె అనేది, గిర్నీకి వచ్చినాక షటిల్ అయింది. మన సాంచాలో పక్కన కర్ర ఫట్‌మని కొడితే షటిల్ పేకను గుంజుకుంట ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుతది. అక్కడ వాళ్ళ షటిల్ విమానాన్ని గుంజుకుంట ఉరుకుతది. మన దగ్గర కర్ర కొడితే, వాళ్ళ దగ్గర ఆవిరి కొడ్తది. ఆ ఆవిరి ఎక్కడిది? కింద నేవీ మామ బాయిలర్‌ది. రెండు సెకన్లు అటూ ఇటూగ గంటకు రెండొందల కిలోమీటర్ల దగ్గరి వేగం. ఆఫీసర్ పచ్చ జెండా దించుడే ఆలస్యం, విమానం లేదు. ఆవిరి పొగ మాత్రం గాడి పొడుగునా తెల్లగ లేస్తుండేదట. తాడు తగిలించి బయటికి రావడానికి అన్నకు దొరికే టైము మనకు కండె మార్చేంత సేపు. అది కూడ మోకాళ్ళ మీద, ఇంజన్ మోగుతుండంగ.

ఇంకొక సంగతి ఉంది. ఎగరాలంటే ఎదురు గాలి కావాలె. గాలి లేకపోతే ఓడే జోరుగ ఉరికి గాలి పుట్టించుకోవాలె. అందుకే విమానం లేపే ముందు ఓడను గాలికి ఎదురు తిప్పుతరు. ఓడకు జోరు కావాలంటే మళ్ళ బాయిలరే. పైలట్ ఫోటో పేపర్లో పడ్తది గాని, ఆ పైలట్ గాల్లో ఉన్నడంటే కింద గనిలాంటి గదిలో లుంగీ పిండితే చెమట కారే మనుషులు ఉన్నరు. ఇది నా మాట, మామ మాట కాదు. ఆయన అట్లాంటి మాటలు అనడు.

దిగుడు ఇంకా కష్టం. డెక్ వెనుక భాగంలో అడ్డంగ ఉక్కు తాళ్ళు కట్టి ఉంటయి. విమానం తోక కింద ఉన్న కొక్కెం ఏదో ఒక తాడుకు తగలాలె, తగిలితే గుంజి ఆపుతది. డెక్ పక్కన అద్దం, దీపాలు ఉంటయి. వాటిని చూసుకుంట పైలట్ వాలు సరిచేసుకుంటడు. చక్రాలు డెక్‌కు తాకంగనే ఇంజన్ తగ్గించడు, పూర్తిగ పెంచుతడు. ఎందుకంటే తాడు అందకపోతే మళ్ళ ఎగిరిపోవాలె కదా. తాడు అందితే మోత ఆగి, అన్నవాళ్ళు ఉరికి కొక్కెం విడిపించి, రెక్కలు మడిచి, పక్కకు తోసేయాలె. వెనక ఇంకోటి వస్తుంటది, దానికి పెట్రోలు తక్కువ ఉంటది.

1965 యుద్ధం నాటికి మామ కొత్తగ చేరిండు. అప్పుడు విక్రాంత్ బొంబాయి డాక్‌లో మరమ్మత్తులో ఉండె. పాకిస్తాన్ వాళ్ళు దాన్ని ముంచేసినమని చెప్పుకున్నరు. "డాకులో కట్టేసిన ఓడని ముంచీసినారట. నాను దాని మీద కూకోనే బీడీ కాల్చుకుంతన్నాను" అని మామ ఇప్పటికీ పగలబడి నవ్వుతడు.

1971 గురించి అడిగితే మాత్రం నవ్వలేదు. విక్రాంత్‌కు నాలుగు బాయిలర్లు. యుద్ధానికి ముందే ఒకదానికి పగుళ్ళు వచ్చినయి. దాన్ని పక్కన పెట్టి, ఓడ జోరు తగ్గించుకుని నడపాల్సి వచ్చింది. అట్లాంటి ఓడను యుద్ధానికి పంపుడా వద్దా అని పైన చర్చ నడిచింది. నేవీ పెద్ద అడ్మిరల్ నందా పంపాలనే నిర్ణయించిన్రు. బొంబాయి నుంచి మద్రాసు, అక్కడి నుంచి విశాఖ, ఆ తర్వాత అండమాన్ల దిక్కు పోయి దాక్కున్నది. పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ దాన్ని వెతుక్కుంట బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ విశాఖలోనే ఉన్నదని నమ్మించడానికి ఈస్టర్న్ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక ఎత్తు వేసిన్రు. విశాఖ బజార్లో వెయ్యి మందికి సరిపోయే కూరగాయలు, సరుకులు ఆర్డర్ ఇప్పించిన్రు. రాజ్‌పుత్ అనే పాత ఓడను విక్రాంత్ అన్నట్టు నడిపిన్రు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటినాక విశాఖ రేవు బయట ఘాజీ మునిగిపోయింది. ఇప్పటికీ అక్కడే సముద్రం అడుగున ఉన్నది. విశాఖ బీచ్ రోడ్డుకు పోయినోళ్ళు విక్టరీ ఎట్ సీ స్తూపం చూసే ఉంటరు.

మామ వాళ్ళమ్మ పల్లెలో ఉండి, విశాఖ దగ్గర పెద్ద పేలుడు వినబడ్డదని జనం అనుకుంటుంటే, కొడుకు ఓడే పోయిందనుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదట. కార్డు ముక్క చేరేదాకా ఆమెకు నమ్మకం రాలేదు.

డిసెంబర్ 4 పొద్దున సీ హాక్‌లు కాక్స్ బజార్ మీదికి పోయినయి. మధ్యాహ్నం చిట్టగాంగ్. తర్వాత రోజుల్లో ఖుల్నా, మోంగ్లా. రాత్రిళ్ళు అలీజేలు. యుద్ధం ఎట్ల చూసినవ్ మామా అని అడిగిన.

"యుద్ధం నానెక్కడ సూసాను అల్లుడూ? నాను గేజీ సూసాను. ముల్లు ఆ గీత కాడ ఉండాలి. పైన ఏటి జరుగుతందో మాకు చప్పుడుతోనే తెలిసీది. కాటపుల్టు కొట్టినప్పుడల్లా ఓడ ఒక్కసారి ఉలిక్కిపడీది. ఒకటి, రెండు, మూడు అని లెక్కెట్టుకునీవోళ్ళం. తిరిగొచ్చినప్పుడు తాడు చప్పుడు యేరేగుంతాది. అదీ లెక్కెట్టుకునీవోళ్ళం. లెక్క సరిపోతే అప్పుడు టీ తాగీవోళ్ళం."

మిగిలిన మూడు బాయిలర్ల మీద భయం లేదా అంటే, చాలాసేపు మాట్లాడలేదు. బాయిలర్ రూములో వేడి యాభై డిగ్రీలు దాటేది. పగులు వచ్చిన బాయిలర్ చల్లగ పక్కనే ఉండేది. మిగతావి కూడ దాని తోడపుట్టినవే కదా. అధిక పీడనపు ఆవిరి సన్న సందులోంచి కారితే కంటికి కనబడదట, మనిషిని కోసేస్తదట. "గిర్నీల బాయిలర్ దగ్గరకి కొత్త కుర్రోళ్ళొస్తే నాను ముందు అదే సెప్పీవోణ్ణి, కనబడీ పొగకి భయపడకండ్రా, కనబడందానికి భయపడండి అని." గిర్నీలో ఆయన పాళీలో ఎవరికీ దెబ్బ తగల్లేదని అందరూ అంటరు, నిజమే.

ఆ యుద్ధానికి విక్రాంత్ మనుషులకు రెండు మహావీర చక్రాలు, పన్నెండు వీర చక్రాలు వచ్చినయి. అన్న వాటి ముచ్చట తక్కువ చేసిండు. ఇంకొకటి చెప్పిండు. ట్రైనింగ్‌లో ఆయన పక్క మంచం మీద పండుకునే పిల్లగాడు ఖుక్రీ అనే ఓడకు పోయిండు. డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర ఆ ఓడను పాకిస్తాన్ సబ్‌మెరీన్ ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయిన్రు. కెప్టెన్ ముల్లా ఓడ విడువకుండ దానితోనే పోయిండు. తూర్పు సముద్రంలో ఉన్న అన్నకు ఆ కబురు వచ్చిన పొద్దున కూడ విమానాలు లేపే పని ఉండె. "ఏడ్వడానికి ఎవరికి టైము? డెక్ మీద చెవులకు మూతలుంటయి, కండ్లకు అద్దాలుంటయి. ఏడ్చినా ఎవరికి తెలుస్తది" అన్నడు. ఆ పిల్లగాడి ఇంటికి ఆ తర్వాత ప్రతి ఏడూ ఉత్తరం రాసిండు. ఆ తల్లి పోయేదాకా.

సీ హాక్‌లు ముసలివైనాక 1983 డిసెంబర్‌లో సీ హారియర్లు గోవాకు దిగినయి. విజయనగరం తమ్ముడి కాలం ఇది. ఆ విమానానికి పక్కలకు నాలుగు గొట్టాలుంటయి, వాటిని కిందికి తిప్పితే గాల్లోనే నిలబడి, లిఫ్టు లెక్క నిలువుగ దిగుతది. తాడుతో పని లేదు, విసురుడు కూడ అక్కరలేదు. విక్రాంత్ ముక్కును జారుడుబండను తిప్పిపెట్టినట్టు పైకి వంచి కట్టిన్రు, కాటపుల్ట్ తీసేసిన్రు. విమానం ఉరికి ఆ వాలు మీద నుంచి గాల్లోకి దుంకుతది. ఇదంతా 1987, 1989 నడుమ జరిగింది. సరిగ్గ ఆ ఏండ్లలోనే పెద్ద గిర్నీల్లో షటిల్ లేని కొత్త సాంచాల మాట వినబడుతుండె. కాటపుల్ట్ పోయిందని తెలిసినప్పుడు మామ అప్పటికే గిర్నీలో ఉన్నడు. "ఆవిరి పని అయిపోనాది" అని ఒక్క మాట అని ఊకున్నడట.

తమ్ముడు చెప్పిన దాంట్లో నాకు బాగ నచ్చినది నీళ్ళ ముచ్చట. సీ హారియర్ నిలువుగ దిగేటప్పుడు ఇంజన్ మస్తు వేడెక్కుతది. చల్లబర్చడానికి విమానంలోనే నీళ్ళ టాంకు ఉంటది, ఆ నీళ్ళను ఇంజన్లోకి కొడ్తరు. మామూలు నీళ్ళు పనికిరావు, ఉప్పు లేని శుద్ధమైన నీళ్ళే కావాలె. చుట్టూ సముద్రం, నీళ్ళకే కరువు. ఎగిరి వచ్చిన ప్రతిసారి విమానాన్ని మంచినీళ్ళతో కడగాలె, లేకుంటే ఉప్పు తినేస్తది. "మేం స్నానం ఆపుకున్న రోజులున్నాయన్నా, విమానానికి మాత్రం స్నానం ఆపలేదు" అన్నడు. రాత్రంతా హ్యాంగర్‌లో పని చేసి, తను బిగించిన విమానం పొద్దున లేస్తుంటే మిగతా మెకానిక్కులు పండుకునేటోళ్ళు, ఆయనకు మాత్రం అది దిగేదాకా నిద్ర వచ్చేది కాదట. 2016 మేలో గోవాలో ఆ విమానాలకు వీడ్కోలు చెప్పిన్రు. ఒకటి విశాఖ బీచ్ రోడ్డులో జనం చూడ్డానికి పెట్టిన్రు. మనుమణ్ణి తీసుకుపోయి, ఫలానా మూత ఎట్ల తెరుచుకుంటదో చెప్తుంటే అక్కడి గైడు కూడ నిలబడి విన్నడట.

ఇగ చెవుల సంగతి. దీని కోసమే అసలు నేను ఈ వ్యాసం రాద్దామనుకున్న.

నాకు కుడి చెవి సగం పోయింది. సాంచా ఖాతాలో పనిచేసినోళ్ళు చదువుతుంటే ఇప్పుడు తల ఊపుతుంటరు. ఖాతాలో మోత వంద డెసిబెల్‌కు అటూ ఇటూ ఉంటది. ఎనిమిది గంటల పాళీకి 90 దాటొద్దని నియమం. జెట్టు పక్కన 130 పైనే. అన్నకు రెండు చెవులూ పోయినట్టే, మామకు కుడి చెవి పూర్తిగ. మా అందరి భార్యలదీ ఒకటే బాధ. "టీవీ పెడితే పక్క ఖోలీ వాళ్ళు రావలె తగ్గించమని. వీళ్ళు ముగ్గురు కూడి గుసగుస పెడితే చాల్ మొత్తానికి వినబడ్తది" అంటది మా వదిన. నవ్వుకుంటనే అంటది గాని, పెండ్లి విషయాలు, డాక్టర్ మాటలు, మనుమలు ముద్దుగ చెప్పే మాటలు అన్నీ ఆయనకు రెండోసారి తనే చెప్పాలె. నలబై ఏండ్ల నుంచి చెప్తున్నది.

మోతలో పనిచేసినోళ్ళకు చేతుల భాష వస్తది. మా ఖాతాలో మీసం దువ్వినట్టు చేస్తే మాస్టర్ వస్తున్నడని. రెండు వేళ్ళు పెదవి మీద పెడితే బీడీకి పోదామని. డెక్ మీద కూడ అంతే. వేలు గుండ్రంగ తిప్పితే ఇంజన్ నడుపు. రెండు బొటనవేళ్ళు బయటికి తోస్తే దిమ్మెలు తీయి, లోపలికి తోస్తే పెట్టు. అన్న, నేను ఒకరిది ఒకరం నేర్చుకున్నం. సంఘం మీటింగ్‌లో ఎవరన్న ఉపన్యాసం ఆపకుండ లాగుతుంటే, అన్న దూరం నుంచి బొటనవేళ్ళు లోపలికి తోస్తడు. దిమ్మె పెట్టుమని.

నవ్వులు పక్కన పెడితే, ఇది హక్కు సంగతి. మోత వల్ల వచ్చే చెవుడు చట్టంలో రాసిన ఉద్యోగ రోగాల జాబితాలో ఉన్నది. నష్టపరిహారం ఇచ్చే రోగాల జాబితాలోనూ ఉన్నది. నేను అడగబోయేసరికి నేను పనిచేసిన గిర్నీ మూతబడి, నా చెవుల పరీక్ష కాగితం ఎవరి దగ్గర ఉన్నదో చెప్పేటోడు లేడు. అందుకని ఇప్పుడు భివండిలోనో, షోలాపూర్‌లోనో సాంచాల మీద ఉన్న పిల్లలు పనిలో ఉండంగనే పరీక్ష చేయించుకుని ఆ కాగితం ఇంట్లో పెట్టుకోండ్రి. మిలిటరీ, నేవీ నుంచి వచ్చినోళ్ళు డిశ్చార్జి బుక్కు, మెడికల్ కాగితాలు జాగ్రత్త చేసుకోవాలె. 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం కింద మాజీ సైనికులకు, వాళ్ళ భార్యలకు చికిత్స దొరుకుతది, చెవి మిషన్ కూడ. జిల్లా సైనిక్ బోర్డుకు పోయి అడగాలె. మామకు మిషన్ అట్లనే వచ్చింది. పెట్టుకోడు, అది వేరే సంగతి. "పెట్టుకుంటే పక్క గదిలో మీ అత్త నన్ను తిట్టీది ఇనబడతంది" అంటడు.

1997 జనవరి 31న విక్రాంత్‌ను నేవీ నుంచి విరమింపజేసిన్రు. 2001 నుంచి మ్యూజియం చేసి జనానికి చూపించిన్రు. మనలో చాలామంది పిల్లలను ఎత్తుకుని పోయినోళ్ళే. ఓడ ముసలిదైంది, జనం ఎక్కితే ప్రమాదమని 2012లో ఆపేసిన్రు. తర్వాత వేలం. సుమారు 60 కోట్లకు తుక్కు కింద అమ్మిన్రు. కోర్టుల దాకా పోయినా ఆగలేదు. 2014 మేలో దారుఖానాకు లాగుకొచ్చిన్రు, నవంబర్‌లో కోసుడు మొదలైంది.

అన్న, నేను రే రోడ్ స్టేషన్ దిగి దారుఖానా దిక్కు రెండుసార్లు పోయినం. లోపలికి రానివ్వలేదు. తుక్కు దుకాణాల సందుల నుంచి బూడిద రంగు గోడ లెక్క ఒక ముక్క కనబడ్డది. గ్యాస్ కట్టర్ నీలం మంట అక్కడక్కడ. కోసే పిల్లలు కూడ మనలాంటోళ్ళే, ఊరు విడిచి వచ్చినోళ్ళు, కాళ్ళకు చెప్పులే. నా గిర్నీ సాంచాలను కాంటా మీద కిలోల లెక్క తూచి ఎక్కించుడు చూసినప్పుడు నేను గేటు బయట నిలబడి ఉన్న. ఇక్కడ అన్న నిలబడ్డడు. ఒక తుక్కు దుకాణపాయన చాయ్ తెప్పించి, మీదా ఓడ అని అడిగిండు. అన్న వినలేదు. నేను అవునన్న.

మామ రాలేదు. రమ్మన్నా రాలేదు.

2016లో ఆ ఇనుము కొంత కరిగించి బజాజ్ వాళ్ళు వీ15 అని మోటర్ సైకిల్ తీసిన్రు. పెట్రోలు టాంకులో విక్రాంత్ లోహం ఉన్నదని ప్రచారం చేసిన్రు. అన్న మనుమడు దాన్నే కొన్నడు. పండుగ పూట పసుపు కుంకుమ పెట్టి ఇంటి ముందర నిలబెడితే, అన్న చెయ్యి వేసి తడిమి, వంగి చక్రాల కింద చూసి, ఒక ఇటుక ముక్క తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టిండు. చాల్ పిల్లలంతా నవ్విన్రు. ఇప్పటికీ బండి ఇంటి ముందర ఆగిందంటే ఇటుక పెట్టాల్సిందే.

కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నేవీలో చేరింది. ఇది మన దేశంలోనే కట్టింది, పొడుగు 262 మీటర్లు. టీవీలో చూపిస్తుంటే ముగ్గురం మామ ఖోలీలో కూర్చున్నం. దానిలో బాయిలర్ లేదు, గ్యాస్ టర్బైన్లు. దిగేటప్పుడు పట్టుకునే తాళ్ళు మాత్రం మళ్ళ ఉన్నయి. అన్న లేచి టీవీ దగ్గరికి పోయి తాళ్ళ మీద వేలు పెట్టి చూపించిండు. మామ, డెక్ మీద ఒక కుర్రోడు మోకాలి మీద కూర్చుని చెయ్యి చాచితే చూసి, "ఆడి మోకాలికి గుడ్డ కట్టుకోమనండిరా, ఆ ఇనుము ఎండకి కాల్తాది" అన్నడు.

వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం మన సంఘం హాల్లో మామ, అన్న ఇద్దరూ పిల్లలతో కూర్చోవడానికి ఒప్పుకున్నరు. మామ దగ్గర విక్రాంత్ మీద దిగిన నాలుగు ఫోటోలున్నయి, తెస్తనన్నడు. అడగాలనుకున్నది కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకుని రండ్రి, అన్న చదువుకుని జవాబు చెప్తడు. మామకు ఎడమ పక్క కూర్చోండ్రి, కుడి పక్క కూర్చుంటే ఏం చెప్పినా నవ్వి తల ఊపుతడు.